సీసాలో వెలితి

కెటిల్ అడుగున పేరుకున్న తెల్లటి పొరని నిమ్మచెక్కతో రుద్దుతుంటే వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "రాళ్ళ చదువు చదివావు. ఇంట్లో కెటిల్‌కి రాయి పట్టకుండా చూసుకోలేవూ?"

ఆమె రుద్దుతూనే ఉంది. ఒకప్పుడైతే జవాబు చెప్పేది. ఇది తోమకపోవడం వల్ల వచ్చింది కాదు అత్తయ్యా, నీళ్ళలో కరిగి ఉన్న గ్యాసు కాగేటప్పుడు లేచిపోతుంది, అది పోగానే నీళ్ళు మోసుకొచ్చిన సున్నం అడుక్కి దిగిపోతుంది అని కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఓపిగ్గా విడమరిచి చెప్పింది. అత్తగారు అంతా విని, పక్కింటావిడతో అంది: "మా కోడలు గిన్నె సరిగ్గా తోమదు కానీ, ఎందుకు తోమలేదో సైన్సు మాత్రం బ్రహ్మాండంగా చెబుతుంది." ఆ మాట వీధంతా తిరిగి ఇంటికొచ్చింది. అప్పటినుంచీ ఆమె తోమడమే తప్ప చెప్పడం మానేసింది.

పరిశోధనా సంస్థలో ఆమెని సీసాలమ్మ అంటారు. ఎదురుగా అనరు, వినపడేంత దూరంలో అంటారు. బయటినుంచి నీళ్ళ నమూనాలు తెచ్చే గాజు సీసాల్ని యాసిడ్‌తో కడిగి ఆరబెట్టడం, వచ్చిన నీళ్ళని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రానికి అందించి అంకెలు తీసిపెట్టడం ఆమె ఉద్యోగం. అదీ ఏడాదికోసారి పొడిగిస్తే ఉండేది, లేకపోతే ఊడేది. పొడిగించమని రాసి సంతకం పెట్టాల్సిన శాస్త్రవేత్త ఆమె భర్తే. "నన్ను వదిలేస్తే మా ఆవిడకి మొగుడే కాదు, ఉద్యోగమూ పోతుంది" అని అతను టీ బల్ల దగ్గర అంటుంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే అలిగిందంటారు, దానికి ఇంకో జోకు పుడుతుంది.

ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకున్నారు. ఆమె మొదటిది. అతను మరీ వెనక కాదు కానీ, పరీక్షల ముందు ఆమె గది కిటికీ కింద నిలబడి "ఒసే, ఆ లెక్క ఎలా చేశావే" అని అడిగేవాడు. ఆమె "రాయడానికి బద్ధకం, అడగడానికి లేదు నీకు" అంటూ చెప్పేది. పెళ్ళయ్యాక మొదటి వారంలోనే అత్తగారు, "మొగుణ్ణి 'నువ్వు' అనడమేమిటమ్మా, వినేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నారు. అతను పేపరు పేజీ తిప్పాడు. ఆ రోజు నుంచి అతను 'మీరు' అయ్యాడు, ఆమె 'నువ్వు'గానే ఉండిపోయింది.

కొండ కింద ఊట ఆమె వెతికి పట్టుకున్నది. పరిశోధనకి విషయంగా దాన్నే రాసిచ్చింది కూడా. అంతలో కడుపుతో ఉందని తెలిసింది. డాక్టరు కొండలెక్కొద్దన్నాడు. "నీ పని ఆగిపోకూడదు కదా, ఈ ఏడు నేను వెళ్ళొస్తాను" అన్నాడు భర్త, ఎంతో ప్రేమగా. పిల్ల పుట్టింది, పిల్లకి జబ్బు చేసింది, అత్తగారికి మోకాళ్ళు పట్టేశాయి. ఆమె తిరిగి వెళ్ళేసరికి ఊట అతని పేరు మీద ఉంది. దొంగిలించాడని ఎవరూ అనలేరు. ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చున్నాడు, అంతే. ఆమె తన గైడ్ దగ్గరికి వెళ్ళి ఏడ్చినంత పని చేస్తే ఆ పెద్దాయన సముదాయించాడు: "ఇద్దరిలో ఒకరికి డాక్టరేటు వస్తే చాలమ్మా. ఇంటి ముందు బోర్డు ఒక్కటే కదా పెట్టుకునేది." తర్వాత జాలిపడి సీసాల ఉద్యోగం ఇప్పించాడు.

ఆ ఊట సంగతి ఇది. నీళ్ళు భూమిలోంచి నిండా గ్యాసు మింగి పైకొస్తాయి. గాలి తగలగానే ఆ గ్యాసు తప్పించుకోవడం మొదలెడుతుంది. అందులో ఉండే కార్బన్ రెండు రకాలు, తేలికది ఒకటి, బరువుది ఒకటి. బడి గంట కొట్టగానే ముందు చిన్నపిల్లలు బయటికి ఉరికినట్టు, ముందుగా లేచిపోయేది తేలికదే. వెనక మిగిలిన నీళ్ళలో బరువుదాని వాటా పెరుగుతుంది. ఆ వాటానే యంత్రం అంకెగా చూపిస్తుంది. ఆ నీళ్ళలోంచే సున్నం గట్టిపడి, పొర మీద పొరగా రాయి అవుతుంది. నింపాదిగా గట్టిపడితే నీటికీ రాతికీ మధ్య ఒక లెక్క కుదురుతుంది, నీళ్ళ అంకె ఇంత ఉంటే రాతి అంకె ఇంత ఉండాలని. హడావిడిగా గట్టిపడితే ఆ లెక్క తప్పుతుంది.

ఈ ఊటలో లెక్క కుదురుతుందని ఆమె భర్త సిద్ధాంతం. కుదిరితే పాత రాతి పొరల్ని చదివి, వేల ఏళ్ళ కిందట అక్కడ వానలెలా పడ్డాయో చెప్పొచ్చు. అతను అలాగే చెప్పుకుంటూ పేరు తెచ్చుకున్నాడు. ఆమె విద్యార్థిగా ఉన్నప్పుడు కొలిచిన అంకెలు మాత్రం లెక్క తప్పుతోందనే చెప్పాయి. అక్కడ రాయి తొందరపడి పుడుతోంది, దాని పొరల్లో ఉన్నది ఆ తొందరే కానీ వానలు కావు. ఆ అంకెల్ని అతను చూశాడు. "కొత్తలో చెయ్యి తిరగక వచ్చినవి" అని పక్కన పెట్టేశాడు.

ఇప్పుడతనికి విభాగాధిపతి పదవి దగ్గర పడింది. రాతి అంకెలు చాలవు, నీళ్ళ అంకెలు కూడా కావాలని ఎంపిక సంఘం అడిగింది. నీళ్ళు తేవడానికి ఆమె వెళ్ళాల్సింది. సరిగ్గా అప్పుడే అత్తగారికి కంటి ఆపరేషను. కళ్ళలో చుక్కలు వేయడానికి ఇంట్లో మనిషి ఉండాలి, మనిషంటే ఆమే. అతను ఇద్దరు ఉద్యోగుల్ని వెంటబెట్టుకుని జీపులో వెళ్ళొచ్చాడు.

సీసాలు ల్యాబ్‌కి రాగానే ఆమె ఒకదాన్ని వెలుగుకి ఎత్తి చూసింది. సగానికి కాస్త పైదాకా ఉన్నాయి నీళ్ళు. మూత వదులుగా ఉంది. అడుగున సన్నటి తెల్ల పొడి దిగి ఉంది. అన్నీ అలాగే ఉన్నాయి. సీసాని నీళ్ళలో ముంచి, నిండా నింపి, నీళ్ళలో ఉండగానే మూత బిగించాలి. లోపల కాస్త వెలితి ఉన్నా చాలు, ఊట దగ్గర జరిగేదంతా సీసాలోనే జరిగిపోతుంది. తేలిక కార్బన్ ఆ ఖాళీలోకి లేచిపోతుంది, నీళ్ళ అంకె పెరిగిపోతుంది. పైగా ఇవి జీపులో ఎండకి కాగి వచ్చిన నీళ్ళు. అయినా కొలవమన్నాడు కాబట్టి కొలిచింది. నీళ్ళ అంకె లేచి లేచి, రాతి అంకెకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అతని సిద్ధాంతం అంత అందంగా ఎన్నడూ రుజువు కాలేదు.

ఆ సాయంత్రం టీ ఇస్తూ చెప్పింది. నీళ్ళు పాడయ్యాయని, ఆ అంకెలు ఊటవి కావు సీసావని, ఇంకోసారి వెళ్ళి తెద్దామని, కావాలంటే తానే వెళ్తానని.

అతను టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "అంకెలు నాకు కలిసొచ్చినప్పుడే నీకు అనుమానాలు వస్తాయేం?"

"కలిసొచ్చాయని కాదండీ. అడుగున పొడి ఉంది, చూడండి ఒక్కసారి."

"నాకు నీళ్ళు పట్టుకోవడం నేర్పుతున్నావా?"

పక్క కుర్చీలోంచి అత్తగారు, కంటికి నల్లద్దాలతో, అన్నారు: "మగాడు కొండలెక్కి తెచ్చిన నీళ్ళకి ఇంట్లో కూర్చున్నదానికి వంకలా." మర్నాడు టీ బల్ల దగ్గర అది జోకైంది. మా ఆవిడకి కుళాయి నీళ్ళు తప్ప ఏవీ నచ్చవు అన్నాడట. ఆమె మెట్ల మీద ఉండగా ఆ నవ్వు వినపడింది.

అతను తన పరిశోధనని సంఘం ముందు వివరించే రోజున హాలంతా నిండిపోయింది. డైరెక్టరు ఆమెని పక్కకి పిలిచి, టీ సంగతి మీరు చూడండమ్మా, మీరైతే ఇంటిమనిషిలా చూసుకుంటారు అన్నాడు. ఆమె వెనక గోడవార కప్పుల దగ్గర నిలబడింది. ముందు వరసలో అత్తగారు కొత్త కళ్ళజోడుతో, పక్కన కూతురు ఇస్త్రీ గౌనుతో కూర్చున్నారు. నాన్న గెలిచే రోజు చూడాలని కూతురు బడి మానేసి మరీ వచ్చింది. అతను బాగా మాట్లాడాడు. అతనెప్పుడూ బాగానే మాట్లాడతాడు. తెర మీద నీళ్ళ గీతా రాతి గీతా ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి.

బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. చప్పట్లయ్యాక, మిగిలిన సీసా ఏదైనా ఉంటే చూపించమంది. తెచ్చి ఇచ్చారు. కిటికీ వెలుగుకి ఎత్తి, వంచి, మళ్ళీ నిలబెట్టి చూసింది.

"ఇవి ఎవరు నింపారు?"

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమైందని వెనక నిలబడ్డ ఆమెకి తెలిసింది. పొడి, వెలితి, టీ దగ్గర తను చెప్పిన మాట, అన్నీ.

"సీసాలన్నీ మా సహాయకురాలే చూసుకుంటుంది మేడమ్" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వి, "మా ఆవిడే. ఏదైనా పొరపాటు జరిగి ఉంటే మన్నించాలి. ఇంట్లో కూడా అంతే, పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంటుంది" అన్నాడు.

హాలు నవ్వింది. జీపులో అతని వెంట వెళ్ళొచ్చిన ఇద్దరు ఉద్యోగులు కూడా నవ్వారు. వంద తలలు వెనక్కి తిరిగాయి. వాటిలో కూతురి తల ఒకటి. పెద్దావిడ నవ్వలేదు. "మీరేనా నింపింది?" అని అడిగింది.

అతను ఆమె వైపు చూడలేదు. తెర మీది గీతల్ని చూస్తున్నాడు. చూడాల్సిన అవసరం లేదనుకున్నాడు, నిజంగానే లేదు. జవాబేదో వెతుక్కునే లోపలే ఆమె నోరు పనిచేసేసింది.

"నేనే."

"సీసా నింపడం కూడా రాదా మీకు? ఎన్నాళ్ళుగా చేస్తున్నారు ఈ పని?"

ఆమె చేతిలో ఎవరిదో ఖాళీ కప్పు ఉంది. పెద్దావిడ సంఘం వైపు తిరిగి, కొత్త నీళ్ళు తెప్పించండి, సీలు వేసి నేరుగా మా ల్యాబ్‌కి పంపండి, వాటితో కూడా ఇదే లెక్క వస్తే పదవి గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు అంది.

వారం తిరక్కుండా డైరెక్టరు, ఈ ఏడు మీ పని పొడిగించడం కష్టమమ్మా, అందరూ విన్నారు కదా అన్నాడు. భర్త ఆ రోజు ఇంటికి పూలు తెచ్చాడు. మాటవరసకి అన్నాను, అంత మందిలో ఇంకేమనను, నువ్వు మంచిదానివి, నాకు తెలుసు అన్నాడు. ఎలాగూ ఆ జీతం లేకపోయినా మనకేం లోటు, అమ్మకి కూడా తోడుంటుంది అని కూడా అన్నాడు. అత్తగారైతే పొగిడారు. "ఇన్నాళ్ళకి నీ చదువు ఒక పనికొచ్చింది. మొగుడి పరువు నిలబెట్టావు." పూలు ఏ గ్లాసులో పెట్టాలో తోచక ఆమె సింకులో పడేసింది.

అవేవీ ఆమెని అంతగా కోయలేదు. కోసింది కూతురి మాట. బడిలో ఏదో నమూనా చేసి తీసుకెళ్ళాలి. అట్టముక్కలు, జిగురు పరుచుకుని కూర్చుంది. ఎప్పటిలాగే ఆమె వెళ్ళి పక్కన కూర్చోబోయింది.

"నువ్వొద్దులే అమ్మా. నాన్న వచ్చాక చేస్తాడు" అంది పిల్ల, తలెత్తకుండా. "నువ్వు తప్పులు చేస్తావు కదా."

కోపంగా కూడా అనలేదు. బయట వాన పడుతోంది అన్నట్టు అంది. అమ్మాయి గొంతులో అచ్చం వాళ్ళ నాన్న విరుపు ఉంది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. ఇన్నేళ్ళూ తను తగ్గింది ఎవరి కోసమో అనుకుంది, ఇంటి కోసమనీ పిల్ల కోసమనీ. ఆ తగ్గడాన్ని చూస్తూ పెరిగిన పిల్ల నేర్చుకున్నది ఇది. అమ్మ అంటే తప్పులు చేసే మనిషి. రేపు ఈ పిల్ల కూడా ఎక్కడో ఒక హాల్లో వెనక గోడవార కప్పులు పట్టుకుని నిలబడుతుంది, లేదా ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి నవ్వుతుంది. రెండిట్లో ఏది ఎక్కువ భయమో ఆమెకి తేలలేదు.

భోజనాల దగ్గర భర్త అన్నాడు: "ఈసారి ఊటకి నువ్వే వెళ్ళు. నీ పద్ధతిలోనే నింపు. నీ తప్పు నువ్వే దిద్దుకున్నట్టు ఉంటుంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వెటకారం లేదు. చెప్పగా చెప్పగా అతనికే నమ్మకం కుదిరిపోయింది, ఆ సీసాలు ఆమే పాడుచేసిందని. బాగా నింపితే అంకెలు ఇంకా చక్కగా వస్తాయని ఆశపడుతున్నాడు. కాదండీ, బాగా నింపితే మీ సిద్ధాంతం కూలుతుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి చెప్పాను కదా అనుకుంది. నీళ్ళ గ్లాసు ఎత్తి, ఆ మాట మీద నీళ్ళు తాగింది.

"సరే, వెళ్తాను" అంది.

ఊట దగ్గర ఆమె ఒక్కతే దిగింది. పిల్ల కడుపులో పడ్డాక మళ్ళీ అక్కడికి రానేలేదు. రాళ్ళ నడుమ నీళ్ళు చిన్న చిన్న బుడగలతో ఉడుకుతున్నట్టు పొంగుతున్నాయి, ముట్టుకుంటే మాత్రం చేతులు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఒడ్డున రాలిన ఆకుల మీద కూడా తెల్ల రాయి పట్టేసింది, ఈనెలు లెక్కపెట్టొచ్చు. ఆమె మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, సీసాని పక్కకి వంచి, లోపలి గాలంతా పోయేదాకా ఆగి, అక్కడే మూత బిగించింది. ఒక్కో సీసా తలకిందులు చేసి చూసింది. ఎక్కడా బుడగ లేదు. ఫోను వచ్చినప్పుడు అతనితో, బాగా వచ్చాయండి అంది. చేతులు మొద్దుబారిపోయాయి కానీ ఒంట్లో ఏదో హుషారు. అది మంచి హుషారు కాదని ఆమెకి తెలుసు. అతని ముఖం ఎలా వాడిపోతుందో ఊహించుకుంటోంది తను, సీసా సీసాకీ. మంచిదానివి అనిపించుకోవడానికి ఎంత కష్టపడిందో జీవితమంతా! చెడ్డదిగా ఉండటం ఇంత తేలికని ఎవరూ చెప్పలేదు. దారిలోనే ఊళ్ళో ఆగి సీళ్ళు వేయించి, పెట్టెని ఆ పెద్దావిడ ల్యాబ్‌కి పంపేసింది.

ఫలితాలు వచ్చినరోజు ఉదయం అతను వంటింటి గుమ్మంలో నిలబడి ఫోనులో చదివాడు. నీటికీ రాతికీ లెక్క కుదరలేదు. ఈ ఊట పొరల మీద ఆధారపడి అచ్చువేసిన పాత వ్యాసాల్ని కూడా మళ్ళీ పరిశీలించాలని రాసింది పెద్దావిడ. అతను గోడకి చేరగిలబడి, అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఆమె పొయ్యి ఆర్పింది.

"నువ్వు నాకు ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పాను కదా."

"గట్టిగా చెప్పాల్సింది."

ఆమెకి నవ్వొచ్చింది. అతను అది చూడలేదు. చూసి ఉంటే ఆ తర్వాతి మాట అనేవాడు కాదేమో. "ఒక పని చెయ్యి. ఈసారి కూడా పొరపాటు జరిగిందని నువ్వే ఆవిడకి చెప్పు. నీకెలాగూ ఉద్యోగం లేదు కదా, నీకు పోయేదేముంది?"

"నువ్వే చెప్పుకో" అంది ఆమె.

లోపలినుంచి అత్తగారు వచ్చి నిలబడ్డారు. కొడుకు నేల మీద కూలబడి ఉన్నాడు, పదవి పోయింది, పేరు పోయేలా ఉంది. ఆవిడకి వినపడింది మాత్రం ఒక్కటే. "'నువ్వు' అంటోంది చూశావురా" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్దావిడ నుంచి ఆమెకి ఫోనొచ్చింది. పలకరింపేమీ లేదు. మొదటి సీసాలూ రెండోసారివీ ఒకే చేతులు నింపినవి కావని తనకి తెలుసంది. "హాల్లో నాతో అబద్ధం చెప్పారు మీరు. అబద్ధాలు చెప్పేవాళ్ళని నేను దగ్గర పెట్టుకోను. కానీ నీళ్ళు అలా నింపే మనిషి నాకు కావాలి. ఆరు నెలలు చూస్తాను. ఇంకో అబద్ధం దొరికితే పంపించేస్తాను." జాలి మాట ఒక్కటీ లేదు. ఆమెకి అదే నచ్చింది. వస్తానంది.

ఊరు మారాలి. భర్త మొదట బతిమాలాడు, తర్వాత పిల్లని పంపనన్నాడు. పిల్లే నేను రానంది. నాన్నని అందరూ ఏదో అంటున్నారని, దానికి కారణం అమ్మేనని పిల్లకి నాయనమ్మ చెప్పింది. ఆ చెప్పినదాంట్లో అబద్ధం లేకపోవడం వల్ల ఆమె కాదనలేకపోయింది.

బయల్దేరే రోజు పెట్టె సర్దుతుంటే కూతురు గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నాన్న ఓడిపోతాడని నీకు ముందే తెలుసా?"

ఆమె చీర మడత పెడుతూ ఆగిపోయింది. చిన్నపిల్ల, అబద్ధం చెప్పినా చెల్లుతుంది. "తెలుసు" అంది.

"తెలిసే నింపావా?"

"తెలిసే నింపాను. నీళ్ళు సరిగ్గానే నింపాను. కానీ తెలుసు."

అమ్మాయి ముఖం ముడుచుకుంది, ఏడుపు కాదు, లెక్క కుదరనప్పటి ముడత. "మరి మొదటివి ఎవరు నింపారు?"

"మీ నాన్న."

"మరి అప్పుడు 'నేనే' అని ఎందుకన్నావు?"

దీనికి జవాబు చాలా ఉందనుకుంది. నీ ముందు మీ నాన్న తల దించుకోకూడదని అనొచ్చు. ఇల్లు నిలబడాలని అనొచ్చు. ఆ రోజు వెనక గోడ దగ్గర అవేవీ తనకి గుర్తు రాలేదు.

"అలవాటైపోయి" అంది.

ఆమె పెట్టె మూసి, ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. అమ్మాయి పెట్టెకి చెయ్యి అందించలేదు, వెళ్ళొద్దనీ అనలేదు. కాస్త పక్కకి జరిగి, దారి వదిలింది.